మేకల వరసలో పెద్దక్క

పెద్దక్క లాండ్రీ కొట్టుకూ చర్చికీ మధ్య ఒక్క గోడే అడ్డం. ఆ గోడ మునిసిపాలిటీ వాళ్లు కట్టిందే తప్ప అందులో దేవుడి ప్రమేయం ఏమీ లేదని పెద్దక్క గట్టి నమ్మకం. సంఘంలో అందరి బట్టలూ ముందు ఆవిడ చేతిలో పడి, ఆ తర్వాతే ఆదివారం దేవుడి ముందుకు వెళ్లేవి. అందుకని ఎవరి సంగతులైనా అదే వరసలో బయటపడేవి, ముందు పెద్దక్కకి, తర్వాత దేవుడికి.

ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలంలో అయితే ఆవిడకు ఊపిరి సలిపేది కాదు. సంఘంలో ప్రతివాళ్లూ ఆ నలభై రోజులూ ఏదో ఒకటి మానేస్తామని దేవుడికి మాటిచ్చేవారు. ఒకరు మాంసం, ఒకరు సిగరెట్లు, ఒకరు తీపి. ఆ మాట ఎవరు ఎక్కడ తప్పారో పెద్దక్కకు మూట విప్పగానే తెలిసిపోయేది.

"బ్యాంకు మేనేజరు గారి కోటు జేబులో చాక్లెట్ కరిగింది," అనేది ఇస్త్రీ చేసే మనిషితో. "ఇంకా మొదటి వారం కూడా దాటలేదు."

"పిల్లల కోసం కొన్నారేమోనమ్మా."

"లోపలి జేబులోనా?"

సాయంత్రం మేనేజరు గారు కోటు కోసం వచ్చినప్పుడు పెద్దక్క ఆయన్ని కోటు కన్నా శుభ్రంగా కడిగి పంపేది. ఊళ్లో ఇంకో లాండ్రీ లేదు కాబట్టి ఆయన తల వంచుకుని వెళ్లి, పై వారం మళ్లీ వచ్చేవాడు.

ఈ ఏడు తపస్సు కాలం మొదటి ఆదివారం, పెద్దక్క ఎప్పటిలాగే ముందు వరసలో కూర్చుని, వెనక్కి తిరిగి జనాన్ని ఒకసారి తనిఖీ చేసింది. చివరి వరసలో స్తంభం పక్కన చెల్లెలు కనబడింది. గభాలున ముందుకు తిరిగి పాటల పుస్తకంలో తలదూర్చింది. పుస్తకం తలకిందులుగా ఉందని పక్కావిడ చెప్పేదాకా తెలియలేదు.

చెల్లెలు రెండు వీధుల అవతలే ఆడవాళ్లకు జుట్టు కత్తిరించే కొట్టు నడుపుతోంది. ఏడేళ్లుగా ప్రతి ఆదివారం బస్సెక్కి ఊరి ఆ చివర చర్చికి వెళుతోందే తప్ప, ఇటువైపు తొంగి చూడలేదు. ఇప్పుడెందుకు వచ్చిందో ప్రార్థన ముగిసేలోపు అందరూ చెవులు కొరుక్కున్నారు. ఆ చర్చి పైకప్పు కురుస్తోందట, మరమ్మతు కోసం మూసేశారట, ఈస్టరుకు తెరుస్తారట. అంటే ఈస్టరు దాటితే మళ్లీ బస్సే. అది విన్న పెద్దక్క "వస్తే ఎవడికి, పోతే ఎవడికి" అని మూతి తిప్పుకుంది. ఇంటికి పోయి అన్నం సగంలో వదిలేసింది.

అక్కచెల్లెళ్లకు మాటల్లేకుండా పోయింది వాళ్లమ్మ అంత్యక్రియల రోజున. వాళ్లమ్మ మంచి మనిషే, గొంతు మాత్రం కాదు. మూడో అంతస్తు కిటికీలోంచి ఆవిడ పిల్లల్ని భోజనానికి కేకేస్తే బస్టాపులో నిలబడ్డవాళ్లు కూడా ఉలిక్కిపడి ఇళ్లకు బయల్దేరేవారు. అలాంటి మనిషి శవపేటిక పక్కన నిలబడి మైకు మామయ్య నాలుగు మాటలు చెప్పాడు. మైకు మామయ్యంటే చర్చిలో ఏ కార్యక్రమమైనా ప్రకటించే పెద్దమనిషి. బతికున్నంత కాలం ఎవరినీ నొప్పించకూడదని ఒట్టు పెట్టుకుని, దానికోసం రెండే రెండు పొగడ్తలు అట్టిపెట్టుకున్నాడు. మగవాళ్లయితే నిరాడంబరులు, ఆడవాళ్లయితే మృదుభాషిణి. ఆ రోజూ కళ్లు తుడుచుకుని, "ఈ తల్లి మృదుభాషిణి. ఏనాడూ గొంతు పెంచి ఎరగదు" అన్నాడు.

చెల్లెలు కిసుక్కున నవ్వింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు, ఇంకా పెద్దదైంది. చర్చి చర్చంతా తిరిగి చూసింది. అందరితోపాటు పెద్దక్క కూడా కళ్లెర్రజేసి చూసింది. సమాధుల దగ్గర్నించి తిరిగొచ్చాక, "అమ్మ శవం ముందు నవ్విన దానివి, నువ్వు నాకు చెల్లెలివే కాదు" అంది. చెల్లెలు ఏదో అనబోయి, అక్క మొహంలోకి ఒకసారి చూసి, అనకుండానే చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

జనానికి తెలిసిన కథ అంతే. పెద్దక్కకు ఇంకొంచెం తెలుసు. మామయ్య ఆ మాట అనగానే ఆవిడ మోచెయ్యి తనంతట తాను కదిలి, చెల్లెలి డొక్కలో ఒక్క పోటు పొడిచింది. పసితనం నుంచీ ప్రార్థనల్లో ఇద్దరి మధ్యా నడిచిన సైగ అది. చెల్లెలు నవ్వింది అందుకే. అయితే మోచెయ్యి కదపడం పాపమని ఉపదేశంలో ఎక్కడా చెప్పలేదు కాబట్టి, పెద్దక్క ఏడేళ్లుగా ఆ సంగతి దేవుడి దాకా తీసుకెళ్లలేదు.

తపస్సు కాలం చివర్లో చర్చి హాల్లో తీర్పు నాటకం వేయడం ఆ సంఘంలో ఆనవాయితీ. కడపటి రోజున న్యాయాధిపతి మనుషుల్ని రెండు మందలుగా వేరు చేస్తాడు. ఆకలితో ఉన్నవాడికి పెట్టినవాళ్లు, బట్టల్లేనివాడికి ఇచ్చినవాళ్లు గొర్రెలై కుడిపక్క నిలబడతారు. పెట్టనివాళ్లు మేకలై ఎడమపక్క. ఆ ఆకలిగొన్నవాడూ బట్టల్లేనివాడూ తానేనని, చూసి కూడా పట్టించుకోలేదని న్యాయాధిపతి మేకల్ని నిలదీస్తాడు. గొర్రెలకు మాటల్లేవు, చేతులు జోడించుకుని కుడి తలుపులోంచి స్వర్గానికి పోవడమే. మేకలు మాత్రం ఒక్కొక్కరే ముందుకొచ్చి, "ప్రభూ, నిన్నెప్పుడు చూశాం?" అని ఎవరి వృత్తిని బట్టి వాళ్లు సొంత మాటల్లో అడిగి, చీవాట్లు తిని, ఎడమ తలుపులోంచి నరకానికి పోవాలి.

న్యాయాధిపతి ఎప్పుడూ మాంసం కొట్టాయనే. ఆయనకు గొంతుంది, తపస్సు కాలంలో బేరాలుండవు గనక తీరికా ఉంది, పైగా గొర్రెల్నీ మేకల్నీ వేరు చేయడంలో ఆయనకున్న అనుభవం సంఘంలో ఇంకెవరికీ లేదు. ఆయన ప్రేమగా "నా దగ్గరికి రండి" అన్నప్పుడల్లా గొర్రెలు ఒకడుగు వెనక్కి వేసేవి. పెద్దక్క మాత్రం జంకేది కాదు. ఎన్నో ఏళ్లుగా ఆవిడే మొదటి గొర్రె.

ఈసారి కొత్త ఫాదర్ వచ్చాడు. పెద్దక్కకు కొడుకు వయసుంటుంది, ఎప్పుడూ నవ్వు మొహమే. వేషాలు పంచే రోజున ఆయన కానుకల సంచి ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఈసారి ఎవరేం కావాలో మనం తేల్చొద్దు. ఇందులో తెల్ల దూది ఉండలూ నల్ల దూది ఉండలూ ఉన్నాయి. చూడకుండా తియ్యండి."

పెద్దక్క అందరికన్నా ముందు వెళ్లి చెయ్యి పెట్టింది. నల్లది వచ్చింది. ఆవిడ దాన్ని వెలుతురులో పెట్టి చూసింది, మరకేమోనని గోటితో గీకి చూసింది.

"చెయ్యి జారింది ఫాదర్. మళ్లీ తీస్తాను."

"ఆ రోజున మళ్లీ తియ్యనిస్తారంటారా పెద్దక్కా?" అన్నాడు ఫాదర్ నవ్వుతూనే.

బ్యాంకు మేనేజరు గారు కిటికీలోంచి ఆకాశం చూడసాగారు. తర్వాత ఆయనకూ నల్లదే వచ్చింది గానీ, ఆ క్షణాన ఆయన మొహంలో ఉన్న వెలుగు ఏ గొర్రె మొహంలోనూ లేదు. చివరగా చెల్లెలు వచ్చి చెయ్యి పెట్టింది. తెల్లది.

పెద్దక్క పళ్లు నూరుకుంటూ ఇంటికి పోయింది. మర్నాడే పాపాలు చెప్పుకునే గదిలో ఫాదర్ ముందు మోకరించింది. మేనేజరు గారి చాక్లెట్, డాక్టరమ్మ గారి తెల్లకోటు చేతికి అంటిన మాంసం పులుసు, మాంసం మానేశానన్న పాటల మేష్టారు జేబులో దొరికిన హోటల్ బిల్లు, అన్నీ వరసగా అప్పజెప్పింది.

"ఇవన్నీ వాళ్లవి. మీవి చెప్పండి," అన్నాడు మధ్యనున్న జాలీ తెర వెనకనుంచి ఫాదర్.

"నావేముంటాయి ఫాదర్? ఇవన్నీ చూసి కోపమొస్తుంది. అంతే."

"సరే. ప్రాయశ్చిత్తంగా ఒక పని చెయ్యండి. మేక అడిగే ప్రశ్న ఉంది కదా, ప్రభువుని ఎప్పుడు చూశానని. దాన్ని నిజంగా అడుగుతున్నట్టు తయారు చేసుకు రండి."

ఇంత తేలికైన ప్రాయశ్చిత్తం ఆవిడకు ఎప్పుడూ దొరకలేదు. ఆ రాత్రే కూర్చుని ప్రశ్న తయారు చేసింది. అది ప్రశ్నలా కాక కోర్టులో వాదనలా వచ్చింది. "ప్రభూ, నీ బలిపీఠం మీది గుడ్డలు ఉతికింది నేను. నీ గురువుల అంగీలు ఉతికింది నేను. ఇవాళ నువ్వు తొడుక్కున్న ఆ అంగీ కూడా నేనే ఉతికాను. మాసిన బట్టలతో నిన్ను నేనెప్పుడు చూశాను?" అద్దం ముందు నిలబడి నాలుగుసార్లు అప్పజెప్పుకుంటే ప్రతిసారీ ఆవిడే గెలిచింది.

నాటకానికి వారం ముందు వేషాల మూట ఉతుక్కి వచ్చింది. తెల్ల అంగీలు లెక్కపెట్టి విడదీస్తుంటే ఒకదాని భుజం మీద నల్లటి మరక కనబడింది. జుట్టుకు వేసే రంగు. సంఘంలో ఆ రంగుతో చేతులు తడిసేది ఒక్కరికే. ఎవరైనా ఇంకొకరైతే ఆ మరకను పదిమందికీ చూపించేది పెద్దక్క. ఇప్పుడు మాత్రం ఇస్త్రీ మనిషి కంట పడకుండా అంగీని చంకలో పెట్టుకుని వెనక గదిలోకి పోయింది. జుట్టు రంగు మొండి మరక. ఒకసారి నానబెట్టి, వేళ్లతో మెత్తగా రుద్ది, జాడించి, వదలకపోతే మళ్లీ మొదలుపెట్టింది. ఆ మధ్యాహ్నమంతా ఇంకో గుడ్డ ముట్టుకోలేదు. మరక పోయింది. పెద్దక్క ఆ తడి భుజాన్ని అలాగే పట్టుకుని కూర్చుండిపోయింది. ఆవిడకు చెల్లెలంటే ప్రాణం. ఆ మాట ఈ జన్మలో ఆవిడ నోటినుంచి వచ్చేలా లేదు, ఈస్టరేమో దగ్గరపడుతోంది.

నాటకం రోజు హాలు కిక్కిరిసింది. మాంసం కొట్టాయన దూది గడ్డం, బంగారు కాగితం కిరీటం పెట్టుకుని ఎత్తు కుర్చీలో కూర్చున్నాడు. ఆయన కుడిచేతి వైపు గొర్రెలు, వాటి తలలకు దూది చెవులు. ఎడమచేతి వైపు మేకలు, గోధుమరంగు దుప్పట్లు, గడ్డం కింద రబ్బరు బిగించిన అట్ట కొమ్ములు. పెద్దక్క కొమ్ముల్లో ఒకటి నిటారుగా ఉంది, రెండోది ఎంత నిలబెట్టినా చెవి మీదికి వాలిపోతోంది. ఎదురుగా గొర్రెల వరసలో చివర చెల్లెలు నిలబడి ఉంది, తెల్లటి భుజాలతో.

మైకు మామయ్య ఒక్కో మేకనూ పిలవడం మొదలుపెట్టాడు. "ఇప్పుడు నిరాడంబరులైన మన బ్యాంకు మేనేజరు గారు!"

మేనేజరు ముందుకొచ్చి గొంతు సవరించుకున్నాడు. "ప్రభూ, నువ్వు మా బ్యాంకుకి ఎప్పుడొచ్చావు? వస్తే టోకెన్ తీసుకున్నావా?"

"తీసుకున్నాను," అని గర్జించాడు న్యాయాధిపతి. "నా వంతు రాగానే నువ్వు భోజనాల బోర్డు పెట్టి లేచిపోయావు!"

హాలంతా చప్పట్లు కొట్టింది. చాలామందికి అది అనుభవమే. మేనేజరు తృప్తిగా నరకానికి వెళ్లిపోయాడు.

తర్వాత పెద్దక్క వంతు. మేక వేషంలో ఉన్న పెద్దక్కను నొప్పించకుండా ఎలా పిలవాలో తెలియక మైకు మామయ్యకు వారం రోజులుగా నిద్ర లేదు. చివరికి అలవాటైన దారే పట్టుకున్నాడు.

"ఇప్పుడు మన మృదుభాషిణి! ఏనాడూ ఎవరినీ పల్లెత్తు మాట అనని మన పెద్దక్క!"

అక్కడున్న వాళ్లలో ఆవిడ చేత చీవాట్లు తినని మనిషి లేడు. అందరూ ఊపిరి బిగబట్టి నేల చూపులు చూశారు.

పెద్దక్క చెల్లెలి వంక చూసింది. చూడకూడదనుకుంటూనే చూసింది. గొర్రెల వరస చివర దూది చెవులు రెండూ గడగడా వణుకుతున్నాయి. చెల్లెలు తెల్ల అంగీ చేతిని మొత్తం నోట్లో కుక్కుకుంది. మొహం ఎర్రబడింది, కళ్లలో నీళ్లు తిరిగాయి, పెదాల పక్కనుంచి సన్నగా కీచుమని ఒక చప్పుడు జారింది. హాల్లో ఒక తల అటు తిరిగింది. వెనకాలే ఇంకో తల. అచ్చం ఆ రోజులాగే ఒకరి తర్వాత ఒకరు తిరుగుతున్నారు. చెల్లెలి కళ్లలో బెదురు కనబడింది.

పెద్దక్క నవ్వేసింది.

ముసిముసి నవ్వు కాదు. కడుపులోంచి తన్నుకొచ్చి హాలు పైకప్పుకు తగిలి తిరిగొచ్చిన నవ్వు. ఆ గొంతు అచ్చం వాళ్లమ్మది. బస్టాపు దాకా వినబడే ఉంటుంది. చెల్లెలి వైపు తిరుగుతున్న తలలన్నీ సగంలో ఆగి, పెద్దక్క వైపు తిరిగాయి. ఆవిడ ఒక చేత్తో డొక్క, ఒక చేత్తో వాలిన కొమ్ము పట్టుకుని నవ్వుతూనే ఉంది.

"ఏమ్మా, తీర్పు జరుగుతుంటే నవ్వేంటి?" అన్నాడు న్యాయాధిపతి. ఈ మాట ఆయన పాఠంలో లేదు.

"ప్రభూ," అంది పెద్దక్క కళ్లు తుడుచుకుంటూ, "నీకోసం పెద్ద ప్రశ్న తయారు చేసుకొచ్చా. మర్చిపోయా. ఇంకో మాట చెప్తా విను. మా అమ్మ పోయిన రోజు మా చెల్లి ఊరికే నవ్వలేదు. నేనే పొడిచాను."

హాలు హాహాకారాలు చేసింది. మాంసం కొట్టాయన కుర్చీలో ముందుకు వంగి, "దేంతో?" అని అడిగాడు. ఆ ప్రశ్న న్యాయాధిపతిది కాదు, మాంసం కొట్టాయనదే.

"మోచేత్తో."

"ఓహో," అని ఆయన మళ్లీ వెనక్కి వాలాడు.

"పొడిచింది నేను, నవ్వింది అది. అందరూ చూస్తున్నారని భయమేసి, నేనూ వాళ్లతో కలిసి దాన్నే చూశా. ఏడేళ్లు దానిదే తప్పన్నా. అదొక్క మాట బయటపెడితే నా పరువు పోయేది. పెట్టలేదు." పెద్దక్క గొంతులో నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో ఎవరికీ తెలియలేదు. "నిన్నెప్పుడు చూశానని నేను అడగను ప్రభూ. చూశాను. చివరి వరసలో, స్తంభం పక్కన కూర్చున్నావు. చూసి, ఇటు తిరిగిపోయా."

న్యాయాధిపతి దూది గడ్డం సర్దుకున్నాడు. ఆయన పాఠంలో దీని తర్వాత శాశ్వతాగ్ని గురించి నాలుగు భయంకరమైన వాక్యాలున్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు.

"వెళ్లమ్మా," అన్నాడు మెల్లగా. "ఎడంపక్క తలుపు. మెట్టుంది, చూసుకో."

పెద్దక్క దుప్పటి ఎత్తి పట్టుకుని నరకం వైపు నడిచింది. సగం దూరం పోయేసరికి గొర్రెల వరసలోంచి ఒకటి విడిపోయి, న్యాయాధిపతి కుర్చీ ముందునుంచే ఇటు దాటింది.

"అమ్మా, అమ్మా, నువ్వు ఇటు కాదు," అన్నాడాయన కంగారుగా.

"మా అక్క కొమ్ము ఊడిపోతోందండి," అని చెల్లెలు ఆగకుండా వెళ్లిపోయింది.

ఎడమ తలుపు అవతల ఉన్నది హాలు వంటగది. పెద్ద గిన్నెలో టీ మరుగుతోంది. మేనేజరు గారు బల్ల మీద కూర్చుని బిస్కట్టు ముంచుకు తింటున్నారు. కుడి తలుపు అవతల విరిగిన కుర్చీలు పెట్టే కొట్టుగది. దానికి ఇంకో దారి లేదు. ఏటా నాటకం ముగిసేదాకా స్వర్గంలో తుమ్ముతూ నిలబడిన పెద్దక్క టీ గిన్నె వంకే చూసింది.

"ఇక్కడ టీ ఇస్తారా?"

"ఎప్పుడూ ఇస్తారు పెద్దక్కా," అన్నాడు మేనేజరు. "ఏం, అక్కడివ్వరా?"

చెల్లెలు పెద్దక్క గడ్డం కింద చిక్కుపడ్డ రబ్బరు విప్పుతోంది. జుట్టుకు అలవాటైన వేళ్లు, నొప్పి తెలియకుండా విప్పాయి. ఇద్దరూ కప్పులు పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"ఆ రంగు మరక ఎలా వదిలించావు?" అంది చెల్లెలు.

"నీకెందుకు? చేతులకి తొడుగులు వేసుకుని చావు."

"ఊఁ."

పెద్దక్క టీ ఊదుకుంది. "ఈస్టరుకి మీ చర్చి పైకప్పు అయిపోతుందేమోగా."

"అయిపోయింది. రెండు వారాలైంది."

"మరి?"

"బస్సు టైముకి రావట్లేదక్కా."

ఆ బస్సు లాండ్రీ కొట్టు ముందునుంచే పోతుంది. గడియారం సరిచేసుకోవచ్చు దాన్ని చూసి. తపస్సు కాలంలో ఇంత పచ్చి అబద్ధం ఆడిన మనిషిని పెద్దక్క మొదటిసారి ఏమీ అనకుండా వదిలేసింది. కొంగుతో కళ్లు ఒత్తుకుని, టీ వేడిగా ఉందని అంది.

హాల్లో నాటకం ముగిసింది. మైకు మామయ్య గొంతు వంటగదిలోకి ఖంగుమని వినబడింది. "ఇంత గొప్పగా తీర్పు తీర్చిన మన మాంసం కొట్టాయన గురించి ఏం చెప్పను! ఆయన నిరాడంబరులు!"

తలుపు సందులోంచి చూస్తే న్యాయాధిపతి కుర్చీలోనే లేచి నిలబడి, రెండు చేతులూ పైకెత్తి, జనానికి బాగా కనబడేలా బంగారు కిరీటం సర్దుకుంటున్నాడు. పెద్దక్క మొహం బిగబట్టి కప్పులోకి చూసింది. ఆ చూపు అలా ఉండగానే ఆవిడ డొక్కలో ఒక మోచెయ్యి గుచ్చుకుంది.

ఎవరైనా చూస్తున్నారేమో అని పెద్దక్క తిరిగి చూడలేదు. వాళ్లమ్మ గొంతుతో నవ్వింది.